మా అన్న చేసిన లామినేషన్

మా బంధువుల ఇళ్ళలో ఏ పెళ్ళికి వెళ్ళినా, భోజనాల దగ్గర ఎవరో ఒకరు నా చదువు సంగతి ఎత్తుతారు. "పాపం, దీనికి దుబాయ్ దిక్కు పెద్ద సదువు సీటు వచ్చె. వీళ్ళ అన్న సర్టిఫికెట్‌కు లామినేషన్ జేసి ఖరాబు జేసిండు. లేకుంటే ఇయాల హైదరాబాద్‌ల పెద్ద డాక్టరయ్యేది" అంటారు. అందరూ నవ్వుతారు. మా అన్న కూడా నవ్వి, పప్పు బకెట్ పట్టుకుని పక్క వరుసలోకి వెళ్ళిపోతాడు. నేను తల దించుకుని తింటాను. చూసేవాళ్ళకు అది నా ఓర్పులా, మంచితనంలా కనిపిస్తుంది. పదేళ్ళకు పైగా ఆ మంచితనం మీదే బతికాను.

ఆ కథలో సీటు నిజం, లామినేషన్ నిజం. మిగతాది నిజం కాదు. ఆ మిగతాది చెప్పడానికే ఇప్పుడు కూర్చున్నాను.

నేను దంతవైద్యురాలిని. క్లినిక్ ఎల్లారెడ్డిలో, మెట్టినిల్లు కూడా అక్కడే. పుట్టి పెరిగింది కామారెడ్డిలో. మా అవ్వ బీడీలు చుట్టి మమ్మల్నిద్దరినీ పెంచింది. కన్నతల్లిని మా ఇంట్లో అవ్వ అనే పిలుస్తాం. అన్న నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఇంటర్ రెండుసార్లు తప్పి, చదువుకో దండం పెట్టి, బస్టాండ్ దగ్గర జిరాక్స్ దుకాణం తెరిచాడు. చదువు రాలేదు గానీ కాగితం మర్యాద వాడికి తెలిసినట్టు నాకు తెలిసినవాళ్ళలో ఎవరికీ తెలియదు. తడి చేత్తో కాగితం ముట్టుకుంటే ఎంతటివాడినైనా కసిరేవాడు. సదాశివనగర్ నుంచి, బిచ్కుంద నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్ళు బస్సు దిగి నేరుగా వాడి దగ్గరికే వచ్చేవారు. ఏ కాగితం పైన పెట్టాలి, ఏది కింద పెట్టాలి, ఫోటో వెనక పేరు ఎక్కడ రాయాలి, అన్నీ చెప్పి పంపేవాడు. వాళ్ళంతా మేస్త్రీలు, డ్రైవర్లు, కూలీలు. వాళ్ళలో డిగ్రీ పట్టా ఉన్నవాళ్ళు లేరు. అందుకే డిగ్రీ పట్టాతో గల్ఫ్‌కు వెళ్ళాలంటే ఏం కావాలో వాడికి తెలిసే అవకాశం రాలేదు.

మా వైపు ఒక అలవాటు ఉంది. ఏ కాగితం విలువైనదైతే దానికి ప్లాస్టిక్ తొడగాలి. ఆధార్, రేషన్ కార్డు, ఓటరు కార్డు, చనిపోయిన పెద్దల ఫోటోలు, అన్నిటికీ లామినేషన్ పడాల్సిందే. తొడగకుండా వదిలేస్తే ఆ కాగితం మీద మనకు గౌరవం లేనట్టు. నా బీడీఎస్ పట్టా చేతికి వచ్చిన రోజు నాలుగు కాపీలు తీయమని అన్నకు ఇచ్చాను. సాయంత్రం ఇంటికి తెచ్చాడు. మందపాటి ప్లాస్టిక్ లోపల నిగనిగలాడుతూ ఉంది. వెనక ఒక మూల, ప్లాస్టిక్ లోపలే, చిన్న పసుపు బొట్టు.

"వానకు తడవది, చెద పట్టది. నీ మనుమల దాక ఉంటది చెల్లె" అన్నాడు.

నాకు ఎంత సంతోషమైందో చెప్పకుండా ముందుకు పోతే అన్యాయం అవుతుంది. దాన్ని పట్టుకుని వాడకట్టు అంతా తిరిగాను. ఐదేళ్ళు దంతవైద్యం చదివిన నాకు కూడా, పట్టాకు లామినేషన్ చేయకూడదని తెలియదు. తెలిసి ఉంటే ఆ రోజే గోల చేసేదాన్ని. అలాంటి నోరే నాది.

తర్వాత ఎల్లారెడ్డిలో ఒక సీనియర్ డాక్టర్ దగ్గర పనికి చేరాను. రోజూ లింగంపేట మీదుగా బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని. పళ్ళు తీయడం, సిమెంటు నింపడం, మళ్ళీ తీయడం. నా మనసు మాత్రం వంకర పళ్ళ మీద ఉండేది. చున్నీ అడ్డం పెట్టుకోకుండా నవ్వలేని ఆడపిల్లలు వచ్చేవారు. వాళ్ళను "నిజామాబాద్ పోండి, హైదరాబాద్ పోండి" అని పంపించేవాళ్ళం. వాళ్ళు ఎక్కడికీ పోరని మాకు తెలుసు. క్లిప్పులు వేసి పళ్ళు సరిచేసే చదువు నేనే చదవాలనుకున్నాను. ఇక్కడ ఆ సీటు అందలేదు. బయట దేశాలకు రాస్తూ పోతే, గల్ఫ్‌లో ఒక విశ్వవిద్యాలయం రమ్మంది. మూడేళ్ళ చదువు. మూడేళ్ళది కాబట్టి తిరిగి వచ్చాక ఇక్కడ స్పెషలిస్టుగా నమోదుకు దారి ఉంటుందని తెలిసినవాళ్ళు చెప్పారు. రెండేళ్ళదైతే ఆ ఆశ పెట్టుకోవద్దన్నారు.

వాళ్ళు అడిగిన కాగితాలు ఒకటా రెండా! నా మీద ఏ ఫిర్యాదూ లేదని మన డెంటల్ కౌన్సిల్ ఇచ్చే ఉత్తరం, కాలేజీ సీలు వేసిన మార్కుల కవరు, అన్నీ సంపాదించాను. చివరికి మిగిలింది ఒక్కటే. అసలు పట్టా వెనక మూడు ముద్రలు పడాలి. మొదట మన రాష్ట్రానిది, తర్వాత ఢిల్లీది, ఆ తర్వాత వాళ్ళ దేశపు రాయబార కార్యాలయానిది. గడువు నెలా పదిహేను రోజులు.

హైదరాబాద్‌లో ఆ మొదటి ముద్ర వేసే కౌంటర్ దగ్గర కూర్చున్నాయన పట్టా తిప్పి చూసి, ప్లాస్టిక్ మీద గోటితో టక్కున కొట్టాడు.

"ముద్ర యాడ వెయ్యాలమ్మా? దీని మీద సిరా నిలుస్తదా?"

వెనక లైన్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన మంచివాడే. కొత్త పట్టా తెచ్చుకుంటే వెంటనే వేస్తానన్నాడు. కానీ ఆ నవ్వు తప్ప నా చెవికి ఇంకేమీ ఎక్కలేదు. కామారెడ్డి దాకా బస్సులో కూర్చుని కోపాన్ని పెంచుకుంటూ వచ్చాను. బస్టాండ్‌లో దిగి ఇంటికి పోకుండా నేరుగా దుకాణానికి వెళ్ళాను. నలుగురైదుగురు గిరాకీలు ఉన్నారు. వాళ్ళ ముందే పట్టాను బల్ల మీదికి విసిరాను.

"ఇంటర్ పాస్ గాని మనిషివి, నా డిగ్రీ మీద చెయ్యి ఎందుకు వెట్టినవ్? నీకు తెలుస్తదా దాని విలువ?"

అన్న మిషన్ ఆపేశాడు. గిరాకీలు ఎటో చూశారు. వాడు పట్టాను తీసి, చొక్కా అంచుతో దాని మీద దుమ్ము తుడిచి, నా చేతికి ఇచ్చాడు.

"తప్పయింది చెల్లె. ఏం జేయాల్నో అడుగుత ఉండు."

మర్నాడు శుక్రవారం. నేను ఎల్లారెడ్డిలో క్లినిక్‌లో ఉండగా పొద్దున్నే ఫోన్ చేశాడు. నాకు బీడీఎస్ పట్టా ఇచ్చిన విశ్వవిద్యాలయం ఆఫీసులో పనిచేసే మనిషిని ఎవరి ద్వారానో పట్టుకుని అంతా కనుక్కున్నాడట. పట్టా ఉన్నది ఉన్నట్టు తీసుకెళ్ళి ఇస్తే, లోపల సంతకం, నంబరు, సీలు అన్నీ కనిపిస్తున్నాయి కాబట్టి, పాతది వెనక్కి తీసుకుని కొత్తది ఇస్తారు. పదిహేను రోజుల పని.

"సోమారం నేనే తీస్కపోత. ఇంకా బొచ్చెడు టైం ఉన్నది. గని నువ్వు దాన్ని ముట్టకు. వేడి మీద అతుక్కున్నది అది. ఊడదీస్తే సంతకం గూడ ప్లాస్టిక్‌తోనే వస్తది. నా దుకాణంల గట్ల నాలుగైదు చూసిన."

"సరే" అన్నాను. సరే అని ఫోన్ పెట్టేశాను గానీ, వాడి మాట వినాలని నాకు అనిపించలేదు. పాడు చేసినవాడే బాగుచేసే దారి చెప్పడం నచ్చలేదు. పదిహేను రోజులు ఎందుకు, ఒక్క గంటలో తేల్చేస్తాను అనుకున్నాను. ఫోన్లో ఎవరో వేడి గాలితో ప్లాస్టిక్ ఊడదీస్తున్న వీడియో కూడా దొరికింది. మధ్యాహ్నం డాక్టర్ భోజనానికి వెళ్ళాడు. పేషెంట్లు లేరు. కట్టుడు పళ్ళు చేసేటప్పుడు మైనం చెక్కే చిన్న కత్తి ఉంటుంది మాకు. స్పిరిట్ దీపం వెలిగించి, ఆ కత్తిని కాచి, బ్యాగులో ఉన్న పట్టా తీసి దాని అంచులోకి దూర్చాను. నా చేతుల మీద నాకు అంత నమ్మకం. అర మిల్లీమీటరు తేడాను పట్టుకునే చేతులు కదా!

మొదటి మూల బాగానే వచ్చింది. అన్న మీద గెలిచినట్టు అనిపించి, ఒక్కదాన్నే నవ్వుకున్నాను. రెండో మూల కూడా వచ్చింది. మధ్యలోకి వచ్చేసరికి కాగితం పొర ప్లాస్టిక్‌తో పాటు లేచింది. ఆపాలి. ఆపలేదు. ఇంకొంచెం కాచి ఇంకొంచెం లాగాను. సంతకం మొత్తం, సీలులో సగం ప్లాస్టిక్‌కు అంటుకుని పైకి వచ్చేశాయి. కింద తెల్లటి నూగు మిగిలింది. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవడం అంటే ఏమిటో ఆ మధ్యాహ్నం నాకు తెలిసింది. పక్కనున్న కుర్చీలో కూర్చున్నాను. అది పేషెంట్లు కూర్చునే కుర్చీ అని కూడా చూసుకోలేదు.

సాయంత్రం కామారెడ్డి చేరేసరికి అవ్వ వాకిట్లో చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. నా మొహం చూసి, "ఏమైంది బిడ్డా?" అంది. బస్సులో వస్తూ నేను ఏమీ ఆలోచించి పెట్టుకోలేదు. నోటికి అదే వచ్చింది.

"అన్న జేసిన లామినేషన్‌తోని పట్టా ఖరాబైంది అవ్వా. సీటు పోతది ఇగ."

ఆ మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు చూడండి. చదువుకున్నవాళ్ళు ఆడే అబద్ధాలు ఇలాగే ఉంటాయి.

అప్పుడే అన్న దుకాణం నుంచి వచ్చాడు. పట్టాను నా చేతిలోంచి తీసుకుని వెలుతురు వైపు పెట్టాడు. అంచు వెంట బొటనవేలు నడిపించాడు. కాలిన గీత ఒకటి గోధుమరంగులో సన్నగా ఉంది. కాగితాల మధ్య బతికేవాడికి అది కనబడకుండా ఎలా ఉంటుంది? తల ఎత్తి నావైపు చూశాడు. నేను చాటలో తునికాకు వైపు చూశాను. ఇప్పుడు అంటాడు, ఇప్పుడు అంటాడు అని ఎదురుచూశాను. అనలేదు. ఈలోగా అవ్వ చాట పక్కకు నెట్టి లేచింది.

"నీకెట్లాగు సదువు రాకపాయె. దాని సదువు గూడ ముంచినవ్ గదరా!"

ఆ నిమిషం నేను నోరు విప్పి ఉంటే ఒక పూట తిట్లతో పోయేది. అవ్వ నా వీపు మీద రెండు వేసేది. అంతకంటే ఏమీ అయ్యేది కాదు. నేను లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాను.

సోమవారం అన్న పట్టా తీసుకుని విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. సంతకం లేని పట్టా చూసి అక్కడివాళ్ళు అనుమానపడ్డారు. దీన్ని ఎవరు గీకారు, ఎందుకు గీకారు అని అడిగారట. కాలేజీ నుంచి ఉత్తరం, పాత రిజిస్టర్లతో సరిచూడడం, నోటరీ దగ్గర ప్రమాణపత్రం, ఒకదాని తర్వాత ఒకటి. పదిహేను రోజుల పని నాలుగు నెలలు పట్టింది. ప్రతిసారీ దుకాణం మూసి అన్నే తిరిగాడు. గీకింది తానేనని రాసి సంతకం కూడా పెట్టాడని నాకు తర్వాత తెలిసింది. గల్ఫ్ సీటు నా తర్వాతి వాళ్ళకు వెళ్ళిపోయింది. మరుసటి ఏడాది నాకు మళ్ళీ పిలుపు రాలేదు.

దొరికింది యూరప్‌లో ఒక చిన్న దేశంలో రెండేళ్ళ కోర్సు. వద్దన్నదే దొరికింది. మొండిగా వెళ్ళాను. చలిలో, తెలియని భాషలో, పని మాత్రం మనసుపెట్టి నేర్చుకున్నాను. తిరిగి వచ్చి ఆ డిగ్రీని ఇక్కడ గుర్తించమని ఫైలు పెట్టాను. అక్కడి పాఠ్యక్రమం అనువాదం చేయించి పంపాను, చికిత్స చేసిన కేసుల పట్టిక పంపాను. చాలాకాలానికి రెండు పంక్తుల జవాబు వచ్చింది. ఇక్కడి మూడేళ్ళ కోర్సుకు ఇది సమానం కాదు. ఎల్లారెడ్డిలో నా బోర్డు మీద బీడీఎస్ అనే మూడక్షరాలే ఉన్నాయి. పళ్ళు కదిలించడం నాకు వచ్చు, స్పెషలిస్టునని చెప్పుకోవడానికి మాత్రం హక్కు లేదు. కష్టమైన కేసులకు నెలకోసారి హైదరాబాద్ నుంచి ఒక స్పెషలిస్టు వస్తాడు. నాకంటే పదేళ్ళు చిన్నవాడు. క్లిప్పుల కోసం నేను వంచిన తీగ చూసి, "మేడం, మీరు ఎక్కడ నేర్చుకున్నారు?" అని ఒకసారి ఆశ్చర్యపోయాడు. నేను మాట మార్చాను.

ఇదంతా నాకు జరగాల్సిందే. నా తొందర, నా నోరు, నా చేతులు. కానీ దీని బరువు నా ఒక్కదాని మీద పడలేదు. అసలు బాధ అదే.

అవ్వ అన్నను ఇంట్లోంచి వెళ్ళగొట్టలేదు. వాడి దగ్గరే ఉంది, వాడు పెట్టిన తిండే తింది. కానీ కాగితం అన్నది వాడి చేతికి ఇవ్వడం మానేసింది. బీడీ పింఛన్ కోసం కాపీలు కావాలంటే, కొడుకు దుకాణం ముందు నుంచే నడిచి వెళ్ళి, రోడ్డు దాటి, ఎదుటి దుకాణంలో తీయించుకునేది. ఒకసారి నేను కూడా వెంట ఉన్నాను. అన్న గల్లా దగ్గర కూర్చుని చూస్తూనే ఉన్నాడు. గిరాకీ ఒకామె, "గామె మీ అవ్వనే గద, అటు వోతున్నదేంది?" అని అడిగింది. "అక్కడ కలర్ మంచిగొస్తది" అన్నాడు వాడు. అప్పుడు చెప్పొచ్చు. చెప్పలేదు. ఇంత కాలం అయ్యాక ఇప్పుడెందుకు అనుకున్నాను. ఏళ్ళు గడిచినకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది. అది నాకు నేను చెప్పుకున్న సాకు.

పోయిన ఎండాకాలం అవ్వ మంచాన పడింది. ఊపిరితిత్తులు పాడయ్యాయన్నారు. చివరి వారం ఒక మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుంది. అన్న కాళ్ళ దగ్గర కూర్చుని పాదాలు ఒత్తుతున్నాడు. వదిన వంటింట్లో ఉంది.

"బిడ్డా, అన్నను మాఫ్ చెయ్యి. వాడు కావాల్నని చెయ్యలేదు. తెల్వక చేసిండు" అంది.

ఎదురుగా వాడు. వాడి చేతులు ఆగాయి. చెప్పాలనుకున్నాను. ఇంత జబ్బులో ఆమె తట్టుకోలేదేమో అనుకున్నాను. తట్టుకోలేనిది ఆమె కాదు, నేను. అది ఇప్పుడు తెలుస్తోంది.

"సరే అవ్వా, మాఫ్ చేసిన" అన్నాను.

వాడు మళ్ళీ పాదాలు ఒత్తడం మొదలుపెట్టాడు. నాలుగు రోజులకు అవ్వ పోయింది.

ఈ మధ్య అన్న కూతురికి జర్మనీలో నర్సు ఉద్యోగం ఖాయమైంది. దాని కాగితాలకు ముద్రలు వేయించాలి. తోడుంటానని నేను ఒక ఆదివారం కామారెడ్డి వెళ్ళాను. చాప మీద సర్టిఫికెట్లు అన్నీ పరిచి ఉన్నాయి. అన్న దూరంగా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. గాలికి ఒక మార్కుల మెమో ఎగిరి వాడి ఒళ్ళో పడింది. వాడు దాన్ని పట్టుకోలేదు. చేతులు పైకి ఎత్తి, "తీస్కో బిడ్డా, నా చెయ్యి తగలనియ్యకు" అన్నాడు. నలభై ఏళ్ళు దాటిన మనిషి, ఊరందరి కాగితాలు చూసే మనిషి, కన్నకూతురి కాగితం ముట్టుకోవడానికి భయపడుతున్నాడు.

మేనకోడలు నవ్వింది. "బాపుకు ఇంకా గదే భయం అత్తా. నీ పట్టా ఖరాబు చేసిండు గద."

"మీ బాపు ఖరాబు చెయ్యలేదు" అన్నాను. "నేను చేసిన. ముట్టకుమని ఫోన్ల మరీ మరీ చెప్పిండు. నేనే కత్తి కాచి ఊడదీసిన. సంతకం నా చేతిలనే పోయింది. మీ నాయనమ్మకు అబద్ధం చెప్పిన. అందరికీ చెప్పిన."

మేనకోడలు చేతిలోని కాగితాలు చాప మీద పెట్టేసింది. వంటింటి గుమ్మంలోకి వదిన వచ్చి నిలబడింది. నేను అన్న వైపు తిరిగాను.

"నీకు తెలుసు గద అన్నా?"

"గా రోజే తెలిసింది" అన్నాడు వాడు. "కాలిన గీత కనవడలేదా నాకు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు చెప్తవనుకున్న."

అరిచినా బాగుండేది. నేను దుకాణంలో అరిచినట్టు, నలుగురి ముందు, తిరిగి అరిచినా బాగుండేది. వాడు ఒళ్ళో ఉన్న మెమోను రెండు వేళ్ళతో తీసి చాప మీద పెట్టాడు. నేను వాడి కాళ్ళ దగ్గర కూర్చుని, "తప్పయింది అన్నా" అన్నాను. వాడి గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"అవ్వ నోట ఒక్కపారి వినాల్నని ఉండె చెల్లె, నా కొడుకు తప్పు లేదని. ఇప్పుడు నాకు చెప్తున్నవ్. నాకు తెలిసిందే గద."